హంపికి వెళ్ళిన కిరసనాయిలు స్టవ్వు

మొన్న మా కోడలు పిల్లల్ని తీసుకుని కారులో అరకు వెళుతూ సామానంతా ఒక్క సంచిలో సర్దేసింది. "తిండి సంగతేంటమ్మా?" అని అడిగితే, "ఎక్కడ ఆకలేస్తే అక్కడ తినేస్తామండీ అత్తయ్యగారూ" అని నవ్వి కారెక్కింది. వాళ్ళు వెళ్ళాక కుర్చీలో కూలబడితే, బరువు మోసింది ఏమీ లేకపోయినా నడుం నొప్పెట్టింది. ఆ నొప్పి ఈనాటిది కాదు, మేం హంపి వెళ్ళిన నాటిది.

అప్పట్లో రామచంద్రపురంలో ఉండేవాళ్ళం. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు. హంపి చూడాలన్న కోరిక నాది. హైస్కూల్లో సోషల్ పుస్తకంలో రాతిరథం బొమ్మ చూసిన దగ్గర్నుంచీ, ఒక్కసారైనా ఆ చక్రం మీద చెయ్యి వేసి చూడాలని ఉండేది. పెళ్ళయ్యాక కాపురం, పిల్లలు, వంట. చెవినిల్లు కట్టుకుని పోరగా పోరగా మావారు ఒక వేసవి సెలవుల్లో అంబాసిడర్ టాక్సీ మాట్లాడారు. నా సంబరం ఒక్క పూటే. "నేనూ వస్తాన్రా, తుంగభద్రలో ఓ మునక వేస్తాను" అన్నారు మా అత్తగారు. ఆవిడ వస్తే మడి వస్తుంది, మడి వస్తే స్టవ్వు వస్తుంది. బయట మెతుకు ముట్టరు. నేను స్నానం చేసి, మడిచీర కట్టుకుని, ఎవరినీ తాకకుండా వండితేనే ఆవిడకు భోజనం. డిక్కీ నిండా కిరసనాయిలు స్టవ్వు, బియ్యం, కందిపొడి, ఆవకాయ జాడీ, గోదావరి నీళ్ళు నింపిన మరచెంబులు. బట్టల పెట్టె నా కాళ్ళ కింద. రాజమండ్రి వంతెన దాటకుండానే పెద్దాడు వాంతి చేసుకున్నాడు. వాణ్ణి చూసి కొవ్వూరులో చిన్నది చేసుకుంది. మావారు ముందు సీట్లో కూర్చుని విజయనగర చరిత్ర చెబుతూనే ఉన్నారు. ఆయన రాజులు యుద్ధానికి బయలుదేరేసరికి నేను కాలవగట్టున పిల్లల గుడ్డలు ఉతుకుతున్నాను.

హంపిలో ఒక సత్రంలో దిగాం. మొదటి రోజు వంట సగంలో ఉండగా చిన్నది "అమ్మా, ఏనుగే!" అంటూ పరిగెత్తుకొచ్చి వాటేసుకుంది. మడి పోయింది. మళ్ళీ స్నానం, మళ్ళీ ఎసరు. అత్తగారు పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే కాస్త కోపం తెచ్చుకుని తేలికపడేదాన్ని. గిన్నెలు తోమేసరికి పొద్దు వాలింది. రెండో రోజు నేను పొయ్యి దగ్గర ఉండగానే మావారు పిల్లలకు రాతిరథం చూపించి తీసుకొచ్చారు. "ఎంత బావుందనుకున్నావ్!" అన్నారు. నేను వాళ్ళకు మజ్జిగ కలిపి ఇచ్చాను. ఇక మిగిలింది ఒక్క రోజు. ఈ వండేదేదో ఇంట్లోనే వండుకోక ఇంత దూరం ఎందుకొచ్చానా అని ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే స్టవ్వులో కిరసనాయిలు పోస్తుంటే అత్తగారు ఏట్లో మునిగి తడిచీరతో వచ్చారు.

"ఆ స్టవ్వెందుకమ్మాయ్? ఇవాళ ఏకాదశి. నేను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను. పిల్లలకి మీ ఆయన హోటల్లో ఇడ్లీలు పెట్టిస్తాడులే. నువ్వెళ్ళి ఆ రథమేదో చూసిరా."

నేను వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాను. అనుమానం లేదు, ఆ రోజు దశమి. మా వీధిలో ఎవరికి తద్దినం తిథి కావాలన్నా పంచాంగం తియ్యకుండా ఆవిడనే అడిగేవారు. అలాంటి మనిషి ఏకాదశి తప్పుతారా?

"ఇవాళ దశమి కాదుటండీ?" అన్నాను.

"నాకు చెబుతావా తిథులు?" అని కసిరారు. నేను స్టవ్వు పక్కన పెట్టి చెప్పులేసుకున్నాను.

మావారూ పిల్లలూ నేనూ ఎండలో ఏటి ఒడ్డు వెంట నడిచి నడిచి వెళ్ళాం. చక్రం మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంటుందనుకున్న రాయి చురుక్కుమంది. అయినా తియ్యబుద్ధి కాలేదు. తరవాత కాసేపు మంటపం నీడలో కూర్చుందామని స్తంభానికి ఆనుకున్నాను. అంతే. కళ్ళు తెరిచేసరికి మావారు, "ఇంత దూరం వచ్చి నిద్రపోతావుటే!" అంటున్నారు. పెళ్ళయ్యాక పగటిపూట అంత ఒళ్ళు మరిచి నిద్రపోవడం అదే మొదలు. హంపి ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నాకిప్పటికీ ముందు ఆ నిద్రే గుర్తొస్తుంది.

ఆ మర్నాడు తిరుగు ప్రయాణం. మధ్యాహ్నం దారిలో ఒక తోట దగ్గర కారు ఆపించి, నిన్నటి ఉపవాసంతో సరిపెట్టుకుని ఇవాళ తింటారేమోనని నేను స్టవ్వు దించబోయాను. అత్తగారు కళ్ళు మూసుకునే, "ఇవాళా వద్దులే" అన్నారు. అసలు ఏకాదశి ఆ రోజు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. వడగాలిలో, ఎగిరెగిరి పడే ఆ కారులో, వరసగా రెండో రోజు ఖాళీ కడుపుతో వెనక్కి వాలి కూర్చున్నారు. నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే ఆవిడ దాచిందంతా బయటపడుతుంది, అది ఆవిడకు గిట్టదు. లేచి కిటికీ పక్క చోటు ఆవిడకిచ్చి, నేను మధ్యలోకి జరిగాను.

ఇప్పుడు నాకు ఆనాటి ఆవిడ వయసు దాటింది. ఒక్క పూట భోజనం ఆలస్యమైతే చేతులు వణుకుతాయి, కళ్ళు బైర్లు కమ్ముతాయి. ఆ రెండు రోజులూ ఎంత పొడుగువో అప్పుడు నాకు తెలియలేదు. కొందరు మనకోసం గడిపిన రోజుల పొడుగు, వాళ్ళ వయసు మనకు వస్తే గానీ తెలియదు.