ఎస్తేరమ్మ దండ తెగదు

ఉదయగిరిలో చెక్క గరిటెలకు ఉన్నంత పేరు మనుషులకు లేదు. ఆ గరిటెలను ఉప్పుకాగితంతో నున్నగా రుద్దే ఆడవాళ్లకైతే అసలే లేదు. ఎస్తేరమ్మ పద్దెనిమిదేళ్లు రుద్దింది. గరిటెలు దేశమంతా తిరిగి అద్దాల బీరువాల్లో కొలువుదీరాయి. చెక్కపొడి ఎక్కడికీ పోకుండా ఆమె ఊపిరితిత్తుల్లోనే కొలువుదీరింది. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇంకా ఆ పనిలోనే ఉంటే మందులు పనిచేయవని చెప్పి, మూడు నెలలకు మందులు రాసిచ్చాడు.

అలా యాభై రెండో ఏట ఆమె పూసల్లో పడింది. చిన్నప్పుడు చర్చిలో ఆడపిల్లల కుట్టుపని తరగతిలో నేర్చిన విద్య. చాప అల్లిక, పువ్వు కుట్టు, వల కుట్టు అన్నీ వేళ్లకు గుర్తున్నాయి. కళ్లకే గుర్తులేదు, కళ్లజోడు కొనుక్కుంది. దారం మాత్రం సోమశిలలో చేపలు పట్టేవాళ్లు వలలకు వాడే నైలాను. ఒక్కో పూసలోంచి సూదిని రెండుసార్లు పోనిస్తుంది. దండ పూర్తయ్యాక గోడమేకుకు తగిలించి, కొసకు రెండు కిలోల తూకపురాయి కట్టి, వంట అయ్యేదాకా అలా వదిలేస్తుంది. మెడలో వేసుకునే వస్తువుకు ఈ ఉరిశిక్ష ఏమిటని మొగుడు వరదయ్య అడిగితే, చంకలో పసిబిడ్డ పట్టుకుని లాగదా అంటుంది.

ఆ దండలను ఆత్మకూరు బస్టాండు ఎదుట ఫ్యాన్సీ స్టోరు మాలకొండయ్య అమ్మిపెట్టేవాడు. బాగానే అమ్ముడయ్యాయి. వచ్చిన చిక్కల్లా అవి తెగకపోవడమే. మూడేళ్ల కిందట కొన్న ఆడవాళ్లు అదే దండ వేసుకుని అదే అంగడికి వచ్చి, హెయిర్‌క్లిప్పులు కొనుక్కుని పోతున్నారు. ఆ దృశ్యం చూసి పాపం అతను ఎంత కుమిలిపోయాడో.

"అక్కా, నీ పనికి వంక పెట్టేదానికి లేదు. అదే వంక. దారం ఒక్క వరసే పోనియ్యి. ఆర్నెల్లకు తెగితే మళ్లీ వస్తారు. నీకూ పని ఉంటాది" అన్నాడు.

పని లేకపోతే మళ్లీ చెక్కపొడే. ఎస్తేరమ్మకు నిజంగానే భయం వేసింది. పంటి బిగువున ఇరవై దండలు ఒంటి వరసన కుట్టింది. చక్కగా వచ్చాయి. చక్కగా మేకుకు తగిలించి, చక్కగా తూకపురాయి కట్టింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు కదా. ఒకటి తెగాక ఆగుదామన్న ఆలోచనైనా రాలేదు. ఇరవైటినీ వరసగా పరీక్షకు పెట్టింది, ఇరవైకి ఇరవై తెగాయి. పూసలు మంచం కిందికీ గ్యాసుబండ కిందికీ దొర్లాయి. తెగాలనే కదా కుట్టావు, ఇంక ఏడుపెందుకని వరదయ్య చీపురు తెచ్చి అడిగాడు. ఆమె పూసలన్నీ ఏరుకుని, మళ్లీ రెండు వరసల మీదే కుట్టింది.

తిట్లకు సిద్ధపడే ఆత్మకూరు బస్సెక్కింది. మాలకొండయ్య తిట్టలేదు. ఒక దండ లాగి చూసి, ముసిముసిగా నవ్వి, ఇరవైటినీ తీసుకున్నాడు. అమ్ముడయ్యాక డబ్బులన్న షరతు పాతదే. ఆ తర్వాత రెండు నెలలు కబురు లేదు. ఫోను చేస్తే ఇంకా సరుకు ఉందన్నాడు. సంగతేమిటో చూద్దామని ఆమే వెళ్లింది.

అంగడిలో కలువాయి నుంచి వచ్చిన ఒకామె కూతురికి దండ బేరం చేస్తోంది. మాలకొండయ్య ఎస్తేరమ్మ దండ ఒకటి తీసి, రెండు చేతులా బలంగా గుంజి చూపించాడు. ఉదయగిరి చేతిపని, గ్యారంటీ అన్నాడు. తర్వాత దాన్ని భద్రంగా కొక్కేనికి తగిలించి, బల్ల కింద అట్టపెట్టెలోంచి అదే రంగుది ఇంకోటి తీసి కవర్లో వేశాడు. అది మద్రాసు హోల్‌సేల్ సరుకు. ఒంటి దారమని ఎస్తేరమ్మకు గుమ్మంలోంచే తెలిసింది. ఆమె కుట్టిన ఇరవై దండలూ కొక్కేలకే ఉన్నాయి. ఒక్కటీ అమ్మలేదు.

ఆమెను చూసి మాలకొండయ్య కంగారేమీ పడలేదు. కుట్టిన మనిషి ఈమేనని కలువాయి ఆమెకు గర్వంగా చూపించాడు. క్రిస్మస్‌కు యాభై దండల ఆర్డరు అక్కకే ఇస్తున్నానని అందరికీ వినపడేలా అన్నాడు. కలువాయి ఆమె కవరు చేత్తో పట్టుకుని ఇటు తిరిగింది.

"ఇది తెగదు గదా పెద్దమ్మా?"

ఎస్తేరమ్మకు ముందు తన ఊపిరితిత్తులే గుర్తొచ్చాయి. యాభై దండలంటే మూడు నెలల మంచి గాలి.

"నేను కుట్టింది తెగదు పాపా. నీ కవర్లో ఉండేది నేను కుట్టింది కాదు" అంది.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. మాలకొండయ్య కొక్కేల మీద దండలన్నీ పెరికి ఆమె సంచిలో కుక్కాడు. అంత కోపంతో లాగినా ఒక్కటీ తెగలేదు.

సోమవారం పొద్దున ఎస్తేరమ్మ ముక్కుకు తువ్వాలు చుట్టుకుని గరిటెల ముందు కూర్చుంది. మేస్త్రీ మంచివాడు. పాత మనిషని కిటికీ పక్కనే చోటిచ్చాడు. చెక్కపొడి వీధిలోకి పోతోందని పక్కింటివాళ్లు గొడవ చేస్తే, ఆ కిటికీ మూసి పోయిన ఏడాదే మేకులు కొట్టించాడు.