ఏసీ రూంల ఆరు వారాల ఇంటర్న్‌షిప్

మొన్న మిర్యాలగూడ రైస్‌మిల్లుల ఏం చేసొచ్చిన్నో చెప్త, వినుండ్రి. నవ్వొస్తే నవ్వుండ్రి. నాకైతే ఇంకా వస్తలేదు.

మా కోదాడ కాలేజి నుంచి ఇంటర్న్‌షిప్‌కు ఇద్దరం పోయినం. నేను, మా క్లాస్ నరేశ్. ఇద్దరిదీ ఎలక్ట్రికలే. మార్కులు నాకే ఎక్కువ, అది గూడ ఇనుండ్రి! మొదటిరోజే ఆపరేటర్ యాదగిరన్న నన్ను గుమ్మం కాడనే ఆపిండు.

"అమ్మా, లోపల దుమ్ముంటది, బెల్టులు తిరుగుతుంటయ్. చున్నీ పడ్డదంటే ఖతం. నువ్వు ఆఫీసుల కూసో."

నరేశ్‌ను మాత్రం "రారా, ఈ పానా పట్టు" అని లోపలికి తీసుకపోయిండు.

అబద్ధమెందుకు, నాకు సంతోషమే అయింది. బయట మండే ఎండ, నాకేమో ఏసీ! రిజిస్టర్లన్నీ కంప్యూటర్ల ఎక్కించిన. నా రిపోర్టు రాసుకున్న, నరేశ్‌ది గూడ నేనే రాసిచ్చిన. వాడు సాయంత్రం నల్లటి చేతులతోని వచ్చి, ఏ మోటర్ ఎట్ల విప్పిండో చెప్పబోతే "ఛీ, ముందు చేతులు కడుక్కో పో" అంటుంటి. చివరి వారంల, మోటర్లు నడిపే ప్యానెల్ బటన్లకు పేర్లు పెట్టమన్నరు. ఫైల్‌ల ఉన్న పాత డ్రాయింగ్ సూసి, కూసున్నకాడనే లేబుళ్లు ప్రింట్ తీసిన. నరేశ్ వాటిని వరుసగా అతికించొచ్చిండు.

ఆఖరిరోజు ఓనర్ సారు ఇద్దర్ని పిలిచిండు. "ఒక్క ట్రైనీ పోస్టుంది. మోటర్లు మంచిగ నడిపినోళ్లకే."

ఉద్యోగం రాకుంటే, చదువు కాంగనే ఇంట్ల కూసోవాలె. అమ్మ ముందే చెప్పింది.

ముందు నన్నే నడిపి సూపించమన్నరు. ఆరు వారాలల్ల ప్యానెల్ దగ్గరికి పోవుడు అదే మొదటిసారి. అయినా భయమెందుకు, పేర్లున్నయ్ గద! 'ఎలివేటర్' అని సదివి పచ్చ బటన్ నొక్కిన.

వడ్లను పైకెత్తే ఎలివేటర్ కదల్లే. ఊకను ఊదే బ్లోయర్ లేసింది! క్లీనింగ్‌కని దాని గొట్టం విప్పిపెట్టిండ్రు. ఆ గొట్టం ముందల్నే, నా పని సూడొచ్చిన ఓనర్ సారు, తెల్ల చొక్కా ఏసుకోని! ఇగ సారు కనబడలే, ఊకే కనబడ్డది.

పరేషానై, 'బ్లోయర్' అని రాసున్న కాడ ఎర్ర బటన్ నొక్కిన. ఆగలే. మళ్ల నొక్కిన. ఊహూ! నరేశ్ ఉరికొచ్చి, కండ్లు మూసుకోని ఇంకేదో బటన్ నొక్కితే ఆగింది.

"లేబుళ్లు తప్పని చెప్పొద్దా?" అన్న, ఏడుపు గొంతుతోని.

"లేబుళ్లెవడు సూస్తడే? వైర్లు ఎప్పుడో మార్చిండ్రు. ఎడమ నుంచి మూడోది బ్లోయర్. గీడ అందరికీ తెలుసు."

అందరికీ. అంటే, లోపలికి రానిచ్చిన మగోళ్లందరికీ. మస్తు కోపమొచ్చింది. యాదగిరన్న మీద, నరేశ్ మీద, అందరికన్న ఎక్కువ నా మీద. ఆరు వారాలల్ల ఒక్కసారన్న "నేనూ లోపలికి వస్త" అనకపోతి!

పోస్టు నరేశ్‌కే వచ్చింది. సారు మొహం కడుక్కోనొచ్చి, "జరిగింది రిపోర్ట్ రాయాలె. ఎవరు టైప్ చేస్తరు?" అన్నడు. అందరూ నా దిక్కే సూసిండ్రు.

ఏం చేస్త, కూసున్న. 'కారణం' అన్న గడిల "ఇంటర్న్‌కు మిషన్ల మీద అనుభవం లేదు" అని నా చేతులతోనే కొట్టిన.

సారు మొత్తం సదివి తలూపిండు. "శభాష్ అమ్మా, ఒక్క తప్పు లేదు!"