ఆమె ఒంట్లో పేరుకున్న సున్నం

నందికొండలో డ్యామ్ చూడటానికి వచ్చేవాళ్లకు ఫొటోలు తీసి బతికినవాణ్ని నేను. రీలు కెమెరాల కాలంలో మొదలుపెట్టాను. ఫోన్లు వచ్చాక గిరాకీ పోయింది. నా భార్య జాకెట్లు కుట్టి ఇల్లు నెట్టుకొచ్చేది. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆమెకు రెండు కిడ్నీలూ చెడిపోయాయని తెలిసింది. షుగరు ముందునుంచే ఉంది. అప్పటినుంచి వారానికి మూడుసార్లు నల్లగొండ దవాఖానలో డయాలసిస్. పొద్దున బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది.

అలా నాలుగేళ్లు గడిచాయి. రక్తంలో భాస్వరం పెరుగుతోందని డాక్టరు కాల్షియం గోళీలు రాశాడు. తిండిలోని భాస్వరం ఒంటికి పట్టకుండా వాటిని అన్నం తింటూ ఉండగానే మింగాలి. ఆమె మరిచిపోయేది, నేను మరిచిపోయేవాణ్ని కాదు. కంచం పక్కన గోళీ పెట్టి, రెండో ముద్ద కాగానే "మింగినవా?" అని అడిగేవాణ్ని. మిగతా పనుల్లో నేను అంత పద్ధతి గల మనిషిని కాను. ఆ ఒక్కదాంట్లో ఒక్క పూట కూడా తప్పలేదు.

ఒక ఎండాకాలం ఆమె ఎడమ తొడ మీద ఊదారంగు చారలు లేచాయి, వల పరిచినట్టు. తడిమితే కింద చెక్కముక్కలా గట్టిగా తగిలేది. బస్సు సీటు ఒత్తుకుందేమో అనుకున్నాం. వారం తిరిగేసరికి చీర కుచ్చిళ్లు తగిలినా ఆమె ఊపిరి బిగబట్టేది.

"నిప్పు కణిక లోపల పెట్టి తోలు కప్పినట్టున్నదయ్యా," అంది ఒకరోజు.

ఆ మచ్చ నడిమధ్యలో నల్లబడింది. నల్లగొండ డాక్టరు మమ్మల్ని హైదరాబాద్ పంపాడు. అక్కడ చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. ఫలితం చెప్పిన డాక్టరమ్మ వయసులో చిన్నది. మా ఇద్దరినీ కూర్చోబెట్టి, నెమ్మదిగా చెప్పింది.

"బొక్కలల్ల ఉండాల్సిన సున్నం, అంటే కాల్షియం, కిడ్నీలు పనిచెయ్యకపోతే రక్తనాళాలల్ల పేరుకుంటది. ఈమెకు తోలు కింది సన్న నాళాలు మూసుకపోయినయ్. రక్తం అందక అక్కడి కండ చచ్చిపోతాంది."

"నేను మింగించిన గోళీలతోటేనా మేడం?" అని అడిగాను.

"ఒక్కదానితోని రాదు. షుగరు, భాస్వరం, ఇన్నేండ్ల డయాలసిస్, అన్నీ కలుస్తయ్. కానీ ఆ గోళీలు ఇయ్యాల్టి నుంచి బంద్ చెయ్యండి."

ముందు చెప్పినవన్నీ మరిచిపోయాను. ఆ చివరి మాటే నాతో ఇంటికొచ్చింది.

ఆ రోజే డాక్టరమ్మ భాస్వరానికి సున్నం లేని వేరే గోళీ రాసింది. దానితోపాటు ఒక ఇంజక్షన్, సోడియం థయోసల్ఫేట్. డయాలసిస్ ఆఖరి గంటలో ఎక్కించాలట. ఆ పేరు నాకు తెలుసు. చీకటిగదిలో ఫొటోలు కడిగేటప్పుడు తొట్టిలో కలిపే హైపో అదే.

"అది ఫొటోలు కడిగే ఉప్పు కదా మేడం?"

"అదే. గిది నరంల ఎక్కించడానికి శుద్ధి చేసింది. పేరుకున్న సున్నాన్ని కరిగిస్తదని చూస్తున్నం."

"మానుతదా?"

"కొందరికి మానింది. చానామందికి మానలే. మీకు అబద్ధం చెప్పను."

నా భార్య అంతా విన్నది. బయటకు వచ్చాక ఒక గుటక మంచినీళ్లు అడిగింది. నీళ్లు కూడా కొలత ప్రకారమే ఆమెకు.

ఆ సీసాలు నల్లగొండలో దొరికేవి కావు. హైదరాబాద్ నుంచి తెచ్చేవాణ్ని. మందు మొదలవగానే ఆమెకు వాంతులు. వాంతులు ఆగితే తలనొప్పి. తొడ మీది మచ్చ పుండయింది. ఇంటికొచ్చాక దాని కట్టు మార్చడం నా పని. గాజుగుడ్డ తడిపి, కొంచెం కొంచెంగా లేపేవాణ్ని. ఎంత మెల్లగా లేపినా ఆమె దిండు కొరుక్కునేది. డాక్టరమ్మ వారానికోసారి పుండు ఫొటో పంపమంది, పెరుగుతోందో తగ్గుతోందో చూడటానికి. కిటికీ తెరిచి, వెలుతురు పక్కనుంచి పడేలా జరిపి తీసేవాణ్ని. చేతికి ఆ అలవాటు పోలేదు.

"పెండ్లయినకాడి నుంచి నన్ను తీసిన ఫొటోల కంటే నా పుండ్ల ఫొటోలే ఎక్కువైనయ్," అంది ఆమె. కోపంగా అనలేదు. నేను ఫోను జేబులో పెట్టుకుని, చాలాసేపు గాజుగుడ్డలు మడతపెడుతూ కూర్చున్నాను.

రెండో నెలలో పుండు ఒక అంచున గులాబీ రంగు కనిపించింది. దవాఖానలో డయాలసిస్ చేసే నర్సమ్మకు ఫోన్‌లో చూపించాను. ఆమె పెద్దది చేసి చూసి, "జర మంచిగనే ఉన్నది కాకా," అంది. ఆ రోజు బస్సులో నా భార్య నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. పది రోజులకు బొడ్డు కింద కొత్త చారలు వచ్చాయి. తర్వాత కుడి తొడ.

ఒక మంగళవారం కట్టు విప్పబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఆ సూది ఇగ వద్దు. డయాలసిస్‌కు వస్త. గా సూది మాత్రం వద్దు."

"ఇంకో నెల చూద్దామన్నరు కదా."

"నువ్వు చూస్తున్నవ్. పడేది నేను."

మళ్లీ అడగకుండా కట్టు విప్పాను. ఫోన్ చేస్తే డాక్టరమ్మ కూడా బలవంతపెట్టలేదు. నొప్పికి మందు పెంచింది. పుండులో చీము పట్టి జ్వరం వచ్చింది. మూడు రోజులు నల్లగొండ వార్డులో ఉంచారు. మూడో రోజు మధ్యాహ్నం ఆమె నన్ను గుర్తుపట్టలేదు. సాయంత్రానికి పోయింది. స్నానం చేయించిన ఆడవాళ్లను కట్లు విప్పవద్దని వేడుకున్నాను. విప్పలేదు.

కర్మ అయిపోయాక, మిగిలిన ఆరు సీసాలు పట్టుకుని దవాఖానకు వెళ్లాను. నర్సమ్మ నా మొహం చూసి పని ఆపింది.

"ఎవరికన్న అక్కరకొస్తయేమో పెట్టుకోండి," అన్నాను. "ఈ జబ్బు మానినోళ్లను మీరు చూసిండ్రా అమ్మా?"

"ఈ జబ్బుతోని నేను చూసింది మీ ఆమెనొక్కతెనే కాకా," అంది.

ఒక్కో సీసా తిప్పి గడువు తేదీ చదివి, ఆరింటినీ బీరువాలో వరసగా పెట్టింది.