ఓబులమ్మ ఊగిన ఉయ్యాల

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకోండి, కాళ్ళు చాపుకోండి, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. నేను చదివింది రెండో తరగతి వరకే గానీ, కంటితో చూసింది మరిచిపోయే అలవాటు నాకు లేదు. పోయిన వారం మా ఊళ్ళో ఒక వాన పడింది. దండెం మీద వేసిన పాత కంబళి, నేను మోకాళ్ళు పట్టుకుని లేచి పోయేలోపల తడిసి ముద్దయింది. తెచ్చి ఒళ్ళో వేసుకుంటే తడి గొర్రెబొచ్చు వాసన గుప్పున కొట్టింది. మా మనవరాలు ముక్కు మూసుకుని, "ఏం కంపవ్వా ఇది, అవతల పారెయ్" అంది. నేను పారేయలేదు. ఆ వాసన తగిలితే ఓబులమ్మ వచ్చి నా పక్కన చతికిలబడినట్టే ఉంటుంది. మీరెవరూ ఆమెను చూడలేదు. ఆమె ఫొటో కూడా ఎక్కడా లేదు. అందుకే చెబుతున్నాను.

మా అత్తగారి పల్లె కళ్యాణదుర్గానికి నాలుగు మైళ్ళు. మా ఇంటికీ ఓబులమ్మ ఇంటికీ నడుమ ఒకటే గోడ. ఆమె కురుబవాళ్ళ ఆడది. మొగుడు కంబళ్ళు నేసేవాడు. ఆయన పోయినాక మగ్గం గుంతలో కోళ్ళు గుడ్లు పెట్టుకునేవి. ఆమె మాత్రం బొచ్చు వడకడం మానలేదు. చేతిలో కదురు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. నడుస్తూ వడికేది, పక్కింటివాళ్ళతో కొట్లాడుతూ వడికేది. భారీ మనిషి. మా అరుగు మీద కూర్చుంటే ఇంకొకరికి చోటుండేది కాదు. నోరు అంతకన్నా పెద్దది. ఆమె ఎదురొస్తే ఊరి మొగవాళ్ళు దావ మార్చుకునేవాళ్ళు. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని.

ఇది ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మాట. నా తొలి కాన్పు నల్లమాడ దగ్గర మా పుట్టింట్లో అయింది. మగబిడ్డ. మూడో నెల రాగానే మా నాయన నన్ను అత్తగారింట్లో దిగబెట్టడానికి వచ్చినాడు. బిడ్డతోపాటు ఉయ్యాల ఇచ్చి పంపడం మా పుట్టింటి ఆచారం. వేపకొయ్యతో చేయించిన ఉయ్యాలను బస్సు మీద వేసుకొచ్చి, బస్సు దిగినాక నెత్తిన పెట్టుకుని ఆ నాలుగు మైళ్ళూ నడిచినాడు. తీరా ఇంటికి వస్తే, మా అత్త తిమ్మక్క గడపలో అడ్డంగా నిలబడింది.

"అది లోపలికి రాకూడదన్నా. మా ఇంటికి ఉయ్యాల అచ్చిరాదు."

"అచ్చిరాదంటే? బిడ్డ యాడ పండుకోవల్లమ్మా?"

"తల్లి పక్కన. మా ఇంట్లో అందురూ అట్లే పెరిగినారు."

మా నాయన మాట పెంచే మనిషి కాదు. ఇచ్చిన మజ్జిగ తాగి, అదే ఉయ్యాలను మళ్ళీ నెత్తికెత్తుకుని, వచ్చిన దావనే పోయినాడు. నేను బిడ్డను చంకనేసుకుని చూస్తూ నిలబడినాను. అప్పట్లో నాకు మాట లేదు.

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. వేరుశనక్కాయ విత్తిన చేలల్లో మొలకకు బదులు దుమ్ము లేచింది. సర్కారువాళ్ళు కరువు పని అని రోడ్డు పని పెట్టినారు. నేనూ, మా ఇంటాయనా కంకర కొట్టడానికి పోయేవాళ్ళం. పగలు బిడ్డను మా అత్త చూసుకునేది. చూసుకోవడంలో ఆమెకు వంక పెట్టడానికి లేదు, ఈగ వాలనిచ్చేది కాదు. పొద్దు గూకేటప్పటికి ఇల్లు చేరితే నా ఒళ్ళు నా మాట వినేది కాదు. చాప మీద వాలి బిడ్డను రొమ్ముకు అదుముకుంటే, వాడు కడుపునిండా తాగేలోపల నేను చచ్చినట్టు నిద్రపోయేదాన్ని.

ఒకనాడు దీపాలు పెట్టే యాళకు ఓబులమ్మ పొయ్యిలోకి నిప్పు అడుక్కోవడానికి వచ్చింది. మా అత్త పెరట్లో ఉంది. నాకు తెలిసిందల్లా చెంప పగిలిన దెబ్బ. కండ్లు తెరిస్తే, బిడ్డ ఆమె మోచేతి మీద బోర్లా ఉన్నాడు. ముఖం నేరేడుపండు రంగుకు తిరిగింది. ఆమె వాడి వీపు మీద తట్టుతా ఉంది, తట్టుతా ఉంది. కడాకు వాడు ఒక దగ్గు దగ్గి, గుక్కపెట్టి ఏడ్చినాడు. లోకంలో అంత మంచి ఏడుపు నేను మళ్ళీ వినలేదు.

"ఏం నిద్రమ్మే నీది! రొమ్ము బిడ్డ ముక్కు మీద పడిండాది, నీకు సోయి లేదు. నేను నిప్పుకు రాకపోతే ఈ పొద్దు మీ ఇంట్లో ఏడుపులే" అని అరిచి, వాడిని నా ఒళ్ళో పెట్టి, నిప్పు సంగతే మరిచిపోయి వెళ్ళిపోయింది.

ఆనాటి నుంచి నాకు నిద్ర అంటే భయం పట్టుకుంది. పని దగ్గర నుంచి గుప్పెడు కంకర కొంగున కట్టుకొచ్చి, పండుకునే చోట పక్క కింద పరుచుకునేదాన్ని, గుచ్చుకుంటే మెలకువ వస్తుందని. ఆ నిద్ర పగలు వచ్చేది. సుత్తి రాయి మీద పడాల్సింది వేలి మీద పడింది. గోరు ఊడింది. ఉయ్యాల కట్టుకుందామని మా ఇంటాయనకు చెబితే, "అమ్మనడుగు" అన్నాడు. అత్తనడిగితే, "మేం కనలేదా, పెంచలేదా? నిద్రమొద్దువి నువ్వయితే తప్పు ఇంటిదా?" అంది. నా బిడ్డకు ఊపిరి ఆడకపోవడం కన్నా, ఎప్పటిదో తెలియని ఒక మాట ఆ ఇంట్లో బరువైనదా అని నాకు లోపల మండింది.

గోడ పక్కన కూర్చుని నేను వేలికి గుడ్డ చుట్టుకుంటుంటే ఓబులమ్మ చూసింది. కదురు ఆపింది. ఆమె కదురు ఆగితే భయపడాలని మాకందరికీ తెలుసు.

"అచ్చిరాదు, అచ్చిరాదు అంటాండారే, మొదుట ఏం జరిగిందో ఎప్పుడన్నా అడిగితివా?"

"నేనెట్లా అడిగేది పెద్దమ్మా?"

"నోటితో. ఇంగ దేంతో అడుగుతారు?"

అప్పుడు చెప్పింది. మా ఇంటాయన కన్నా ముందు మా అత్తకు ఒక ఆడబిడ్డ పుట్టిందంట. ఐదు నెలల పిల్ల. ఉయ్యాలలో వేసి మా అత్త పిండి విసురుకుంటుంటే తాడు తెగింది. పిల్ల దక్కలేదు. మా అత్తకు అత్తయిన ఆమె, ముడి సరిగా వేయలేదని ఊరంతా వినేట్టు తిట్టింది. ఊరూ అదే అనుకుంది. కొన్నాళ్ళకు పెద్దవాళ్ళు ఆ తిట్టు కాస్త తగ్గించి, ఇంటికి ఉయ్యాల అచ్చిరాదని పేరు పెట్టినారు.

"నేను ఆ పొద్దు తెగిన తాడు కొస చేత్తో పట్టుకుని చూసినా" అంది ఓబులమ్మ. "కిత్తనార తాడు. దూలం మీద ఆనిన కాడ చెదలు తినేసి, మన్ను మిగిలుండాది. ముడి ముడిగానే ఉండాది. అప్పుడు నేను కొత్త కోడల్ని. పెద్దోళ్ళ ముందర నాకెందుకులే అని నోరు మూసుకుంటి. ఇంత నోరు పెట్టుకుని, తెరవాల్సిన పొద్దు తెరవలేదు పాపా." అంతకు ముందూ ఆ తరువాతా ఆమె తల దించడం నేను చూడలేదు.

పది దినాలు ఆమె గొర్రెబొచ్చు ముట్టలేదు. మేకబొచ్చు తెచ్చి, వడికి, మూడు పురులు కలిపి తాడు పేనింది. మేకబొచ్చుకు చెదలు పట్టవంట. పదకొండోనాడు పొద్దున, మేము పనికి బయలుదేరకముందే, భుజాన తాడు, చంకలో మడిచిన కంబళి పెట్టుకుని నేరుగా మా ఇంట్లోకి నడిచింది. పలకరించలేదు. రోలు మీదికెక్కి తాడును దూలం మీదుగా విసిరింది.

మా అత్త పరుగెత్తుకొచ్చింది. "ఓబులీ! ఏం చేస్తాండావే నా ఇంట్లో? దిగు. దిగి బయటికి పో!"

"పోతాలే. పని కానీ."

"నా మనవడిని చంపేదానికి వచ్చినావా?"

"చంపేదానికయితే తాడు పేనే పనేముందిలే తిమ్మక్కా, నీ కోడలి నిద్ర చాలు."

కేకలకు వీధిలో ఆడవాళ్ళంతా గడపలో గుమిగూడినారు. మా ఇంటాయన ఒకసారి తల్లిని, ఒకసారి ఓబులమ్మను చూసి, ఎద్దుకు నీళ్ళు పెట్టాలని బయటికి జారుకున్నాడు. ఓబులమ్మ కంబళి రెండు కొసలూ కట్టి, మా ఇంటి రుబ్బురోటి పొత్రాన్ని తెచ్చి అందులో పెట్టింది. బిడ్డకన్నా ముందు ఉయ్యాలలో రాయిని పెట్టే ఆచారం మా వైపు అందరికీ ఉంది. పాటలు పాడి, పేరు పెట్టి వేడుక చేస్తారు. అది వేడుక కాదని, తాడుకు పరీక్ష అని నాకు ఆ పొద్దే తెలిసింది.

"రాయి సంగతి మాకు తెల్దా? తాడు రాయినయితే మోస్తుంది" అని ఎవరో అన్నారు.

"అవునా? అయితే పక్కకు జరగండి" అంటూ ఓబులమ్మ రాయి తీసి నేల మీద పెట్టి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, తానే ఉయ్యాలలో కూర్చుంది. మోకాళ్ళు గడ్డానికి తగిలినాయి. దూలం కిర్రుమంది. వీధి వీధంతా పకపకా నవ్వింది. "పేరేం పెడదాం బిడ్డకు?" అని ఒకామె అరిచింది. "ముందు ఊపండే, పేరు తరువాత" అంది ఓబులమ్మ. ఎవరూ కదల్లేదు. మా అత్త కండ్లు నా మీదే ఉన్నాయి. నేను బిడ్డను ఎడమ భుజానికి మార్చుకుని, ముందుకు పోయి, కుడిచేత్తో ఉయ్యాలను తోసినాను. అత్త ఎదుట, ఆమె వద్దన్న పని నేను చేయడం అదే మొదలు. మళ్ళీ తోసినాను. మూడోసారి ఇంకా గట్టిగా తోసినాను.

ఊగుతూనే ఓబులమ్మ గొంతు మార్చింది. "తిమ్మక్కా, అందరి ముందర చెప్తాండా, విను. ఆ పొద్దు తెగింది నీ ముడి కాదు. తాడును చెదలు తిన్నాయి. నేను నా కండ్లతో చూసినా. చెప్పకపోవడం నా తప్పు. ముప్పై ఏండ్లు నీ మీద మోపిన మాటను ఈ పొద్దు దించుతాండా."

నవ్వులు ఆగిపోయినాయి. మా అత్త గోడ పట్టుకుని నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. తిడుతుందేమో అనుకున్నాను, అదీ లేదు. గోడ వదిలి నడిచొచ్చి, తల పైకెత్తి దూలం కేసి చూసింది.

"ఆ ముడికి ఇంగో చుట్టు వెయ్యి" అంది.

బిడ్డను ఉయ్యాలలో వేసింది ఆమె చేతులే. వాడు ఊరుకుంటే గదా! నా పక్కకు అలవాటు పడిన వాడు మూడు దినాలు ఇల్లు అదిరేలా ఏడ్చినాడు. నేను ఎత్తుకోబోతే మా అత్త నా చెయ్యి తోసేసింది. "నీ కట్టు చీర ఇటియ్యి. కొత్తది కాదు, విడిచింది." దాన్ని ఉయ్యాలలో పక్కలా పరిచి వాడిని పండబెట్టింది. నాలుగోనాటికి వాడు ఆ చీర కొంగు పిడికిట పట్టుకుని నిద్రపోయినాడు. నేను కంకర రాళ్ళన్నీ ఏరి బయట పారబోసి, ఎన్ని నాళ్ళకో ఒళ్ళెరగకుండా పండుకున్నాను. వాడు నడక నేర్చేదాకా మా అత్త రోజూ పొద్దున లేచి, ముఖం కడక్కముందే రెండు చేతులా తాడు పట్టుకుని తన బరువంతా వేసి లాగి చూసేది.

ఆ ఉయ్యాలలో నా నలుగురు బిడ్డలూ పెరిగినారు. పెద్దమ్మాయి ఐదో తరగతి అయినాక కళ్యాణదుర్గం హైస్కూలుకు పంపుతానంటే, ఆడపిల్ల చదువు మన ఇంటికి అచ్చిరాదని మా ఇంటాయన మొదలుపెట్టినాడు. నేను నోరు తెరిచేలోపలే మా అత్త మూలనుంచి, "ఎవురికి అచ్చిరాలేదురా? పేరు చెప్పు" అంది. పిల్ల బడికి పోయింది.

ఓబులమ్మ పోయి చానా ఏండ్లయింది. ఆమె నాకు ధైర్యం నేర్పిందని అందరూ అంటారు. ధైర్యం ఆమె దగ్గర మొదటినుంచీ ఉన్నదే. నేను పట్టుకున్నది వేరే: చూసింది చూసిన పొద్దే చెప్పాలని. ముప్పై ఏండ్లకు చెప్పినా మేలే జరిగింది గానీ, ఆ ముప్పై ఏండ్లను మా అత్తకు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. అందుకే మా వీధిలో ఏ పిల్ల మీదయినా లేని తప్పు మోపుతుంటే, కర్ర పట్టుకునైనా ఆ పూటే పోయి నిలబడతాను. ముసలిదానికి ఎందుకు ఈ పంచాయితీ అంటారు. అననీ.

సరే, మీరు ఓపికగా విన్నారు. మీ ఇంట్లో చంటిబిడ్డలు చల్లగా పెరగాలి. వాళ్ళ తల్లులు కూడా ఏ భయమూ లేకుండా తెల్లవారేదాకా కంటినిండా నిద్రపోవాలి.