మామగారి రీమరు, కోడలి గేజీ

ఆ కర్మాగారంలో గురిపోటీల ఆటగాళ్ల కోసం రైఫిళ్లు తయారుచేస్తారు. వెనక వరసలో, కిటికీ పక్కనున్న లేత్ మీద ఒకాయన ఇరవై తొమ్మిదేళ్లుగా ఒకే పని చేస్తున్నాడు. అందరూ ఆయన్ని వెన్నచెయ్యి అంటారు. అసలు పేరు జీతాల చీటీ రాసేవాడికి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

ఉక్కు గొట్టానికి ఈ చివరి నుంచి ఆ చివరికి రంధ్రం పడ్డాక, అన్ని పనులూ అయ్యాక, అది ఆయన దగ్గరికి వస్తుంది. గొట్టం వెనక కొసలో తూటా కూర్చునే అర తొలవాలి. ముందు సన్నటి బోరింగ్ టూలుతో దారి వెడల్పు చేసి, తర్వాత తూటా ఆకారంలోనే ఉండే రీమరుతో అరను పూర్తిచేయాలి. గొట్టాన్ని బిగించి పట్టుకునే చక్‌లో అది నెమ్మదిగా తిరుగుతుంటుంది. ఆయన ఎడమచెయ్యి రీమరు పిడి మీద, కుడిచెయ్యి దాన్ని ముందుకు నెట్టే చక్రం మీద ఉంటాయి. కొంచెం నెట్టడం, బయటికి లాగడం, పళ్లలో ఇరుక్కున్న ఉక్కు రజను తుడవడం, నూనె పోయడం, మళ్లీ నెట్టడం. ఒక్కో గొట్టానికి పాతిక ముప్ఫైసార్లు ఇదే వరస. తొందరపడితే రజను లోపలే నలిగి గోడను గీరేస్తుంది. ఎంత నెట్టామో చూపే డయల్ పక్కనే ఉన్నా ఆయన దానివైపు చూసేవాడు కాదు. రీమరు సరిగ్గా కోస్తుంటే కొత్త గుడ్డ మీద కత్తెర నడిచినట్టు ఎడమచేతికి తెలిసేది. సరిగ్గా కొయ్యకపోయినా ముందు ఆ చేతికే తెలిసేది.

తనిఖీ గదిలో ఉండేది ఆయన కోడలే. ఏరికోరి తెచ్చుకున్న కోడలు. ఆ అమ్మాయి పనిలో చేరిన కొత్తలో, ఇరవయ్యేళ్ల అనుభవమున్న ఒక పెద్దమనిషి చేసిన గొట్టాన్ని మొహం మీదే వెనక్కి పంపింది. అది చూసిన వెన్నచెయ్యి ఆ సాయంత్రం ఇంటికెళ్లి భార్యతో, "మొహమాటం తెలీని పిల్ల. మనవాడికి అడుగుదామా?" అన్నాడు. ఏడాది తిరక్కుండా పెళ్లయింది. కొడుకు లారీ నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో రోజూ మొహాలు చూసుకునేది అత్తా, మామా, కోడలు.

"ఇంట్లో కోడలికి మామంటే భయం, ఇక్కడ మామకి కోడలంటే హడల్," అని లేతుల దగ్గర నవ్వుకునేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. మూడేళ్లలో ఆ అమ్మాయి ఆయన గొట్టాలు పనికిరావని రాసిన ఎర్ర చీటీలు నాలుగంటే నాలుగే.

ఆ శీతాకాలం ఎడమచేతి రెండు వేళ్లకు తిమ్మిరి పట్టింది. చలి అనుకున్నాడు. చలి వెళ్లింది గాని తిమ్మిరి వెళ్లలేదు. డాక్టరు మణికట్టు నొక్కి చూసి, నరం నలిగిపోతోందని, లేత్ అదురు నుంచి చేతికి కొన్నాళ్లు విశ్రాంతి ఇవ్వాలని, తగ్గకపోతే కోసి సరిచేయాలని చెప్పాడు. ఆయన తలూపి బయటికొచ్చి, ఇంట్లో మాట వరసకైనా అనకుండా మర్నాడు మామూలుగా లేత్ దగ్గర నిలబడ్డాడు.

ఆ నెలలోనే నాలుగు ఎర్ర చీటీలు వచ్చాయి. రెండింటిలో అర గోడ మీద సన్నటి అలలు. ఒకటి లోతు ఎక్కువైంది. నాలుగోదానికి గీత పడింది. చీటీలు ఆమె స్వయంగా తెచ్చి ఇవ్వలేదు, తోపుడుబండి మీద గొట్టాలతో పాటే వచ్చాయి. సాయంత్రం ఇంట్లో ఆమె కూరలు తరుగుతూ, ఆయన పేపరు ముందేసుకుని, ఒకరి వైపు ఒకరు చూడకుండా కూర్చునేవారు.

"మీ ఇద్దరి మధ్య ఏమైనా మాటా మాటా వచ్చిందా?" అని భార్య అడిగింది.

"మాటలే లేందే, మాటా మాటా ఎక్కణ్నుంచి వస్తుంది?" అన్నాడు ఆయన.

అబద్ధం కాదు గాని, అది నిజమూ కాదని ముగ్గురికీ తెలుసు.

రోజులు గడిచేకొద్దీ ఆయనకు ఒళ్లు బరువెక్కసాగింది. పొద్దున్నే బస్సు మెట్టు ఎక్కాలంటేనే ఊపిరి కూడదీసుకోవాల్సి వచ్చేది. చేతికి తెలిసేది తెలియకుండా పోయాక, ఆ లోటును కళ్లతో, చెవులతో పూడ్చుకోవాలని చూశాడు. రీమరు నెట్టిన ప్రతిసారీ ఊపిరి బిగపట్టేవాడు. మధ్యాహ్నానికే ఎనిమిది గంటల పని చేసినట్టు ఉండేది.

ఒక గురువారం, పదిహేనోసారి నెడుతుండగా రీమరు ఎక్కడో పట్టేసినట్టనిపించింది. పిడి చేతిలో విదిలించుకున్నట్టయింది. వెంటనే వెనక్కి లాగి, తుడిచి, దీపం పెట్టి లోపలికి చూశాడు. ఏమీ కనబడలేదు. కనబడకపోవడానికి కారణం తన కళ్లేననుకున్నాడు. మిగతా పదిసార్లూ పూర్తిచేశాడు. గొట్టం పాడైందని ఆయనకు రూఢిగా తెలుసు. మామూలుగా అయితే పక్కన పెట్టి ఫోర్‌మన్‌ని పిలిచేవాడు. ఆ రోజు మాత్రం, 'పోతే పోనీ, ఇంకో ఎర్ర చీటీ రాసుకుంటుంది,' అనుకుని బండి మీద పెట్టేశాడు. ఇరవై తొమ్మిదేళ్లలో చెడిందని తెలిసీ ఒక వస్తువును పంపడం అదే మొదటిసారి.

భోజనాల వేళ అయ్యాక ఆ గొట్టం పచ్చ చీటీతో ఆయన ముందు నుంచే తర్వాతి వరసకు పోతోంది. కింద కోడలి పొట్టి సంతకం ఉంది.

ఆయన ఒళ్లు మండిపోయింది. ముసలాడు కదా అని జాలిపడిందా? ఎవరికి మొహమాటం ఉండదని మురిసిపోయి ఇంటికి తెచ్చుకున్నాడో, ఆ పిల్ల తన దగ్గరే మొహమాటపడిందా? బండి మీంచి గొట్టం తీసి, తూలుకుంటూ తనిఖీ గదిలోకి వెళ్లాడు. లోపల ఫోర్‌మన్ ఏదో లెక్కల పట్టీ చూసుకుంటున్నాడు.

"దీనికి పచ్చ చీటీ ఎలా రాశావమ్మా?" అన్నాడు.

ఆమె తలెత్తింది. "కొలిచి రాశాను."

"కొలిచి రాశావో, నా మొహం చూసి రాశావో!"

ఫోర్‌మన్ పట్టీ దించాడు. ఆమె మొహం ఎర్రబడింది.

"ఆ మాట మాత్రం అనకండి మామయ్యగారూ," అంది. ఆ గదిలో ఆమె ఆయన్ని వరస పెట్టి పిలవడం అదే మొదలు. "మీరే చూడండి, మళ్లీ కొలుస్తాను."

గొట్టాన్ని దిమ్మెల మీద పెట్టింది. గుడ్డతో అర తుడిచింది. కొలత చూసే మొదటి గేజీ దింపితే చివరిదాకా దిగాలి, దిగింది. రెండోది దిగకుండా ఆగిపోవాలి, ఆగిపోయింది. తర్వాత దీపమున్న సన్నటి నాళం లోపలికి పెట్టి, పక్కనున్న తెర ఆయన వైపు తిప్పింది. గోడ అద్దంలా ఉంది. గీత లేదు, అల లేదు.

"ఈ నెలలో మీ చేతి మీద వచ్చినవాటిలో ఇదే మంచిది," అంది మెల్లగా.

ఆయన తెర వైపు చూశాడు. పాడైనప్పుడు బాగుందనీ, బాగున్నప్పుడు పాడైందనీ చెబుతోంది ఆ చెయ్యి. అలాంటప్పుడు అది చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

అంతలో ఆమె అడిగింది. "పాడైందని తెలిసే పంపారా?"

"అనుకున్నాను... పాడైందనే అనుకున్నాను. అయినా పంపాను."

ఫోర్‌మన్ చూపు తిప్పుకుని, పట్టీ మడిచి, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు. ఆయన్ని తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ సాయంత్రం బస్సులో, రోజూ చెరో సీట్లో కూర్చునే ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

"మూణ్నెల్ల నుంచీ అన్నం తినేటప్పుడు మీ ఎడమచేతి గ్లాసు జారుతోంది. అత్తయ్య చూడకుండా ఒలికిన నీళ్లు నేనే తుడిచాను," అంది ఆమె. "మీరే చెబుతారని ఎదురు చూశాను."

"చెప్పడానికేముందమ్మా. చెబితే ఇంక అయిపోయినట్టేగా."

"ఆ ఎర్ర చీటీలు రాసేటప్పుడు నాకు చేతులు ఆడలేదు మామయ్యగారూ. అయినా రాశాను."

"రాయకపోతే నేనూరుకునేవాణ్నా?" అన్నాడు. అని, కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు. ఆమె ఆయన్ని దిగాల్సిన స్టాపులో లేపింది.

మర్నాడు ఆయనే వెళ్లి ఫోర్‌మన్‌తో తనను ఆ లేత్ మీంచి తప్పించమన్నాడు. "చేతికి ఏమీ తెలియక్కర్లేని పని ఏదైనా ఇవ్వండి," అన్నాడు. ఉక్కు కడ్డీలను కొలతకు కోసే రంపం దగ్గర వేశారు. కడ్డీ బిగించి మీట నొక్కితే మిగతాది రంపమే చూసుకుంటుంది.

లేత్ మీదికి ముందు వరసలో పనిచేసే ఒక బట్టతలాయన వచ్చాడు. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. వెన్నచెయ్యిని వారం రోజులు పక్కన నిలబడి పని చూపించమన్నారు.

"ఎంత బలంగా నెట్టాలి?" అని అడిగాడతను.

ఆయన ఇన్నేళ్లూ చేసిన పనికి చెప్పడానికి మాట లేదు. చివరికి డయల్ వైపు చూపించి, "దాన్ని చూసి నెట్టు. ముల్లు ఈ గీత దాటకుండా చూసుకో," అన్నాడు. బట్టతలాయన అంకె పుస్తకంలో రాసుకున్నాడు. వారం అయ్యేసరికి తొమ్మిది గొట్టాలు చేస్తే ఏడు పచ్చ చీటీలతో వచ్చాయి. నేర్చుకునేవాడికి అవి మంచి లెక్కే.

మణికట్టు కోసి సరిచేయించుకోమని భార్యా కోడలూ ఒకటే పోరు పెడితే, వేసవిలో చేయించుకున్నాడు. ఒక వేలికి సగం స్పర్శ తిరిగొచ్చింది. రెండోదానికి రాలేదు. మళ్లీ లేత్ మీదికి వస్తావా అని ఫోర్‌మన్ ఒకసారి మర్యాదకి అడిగాడు, ఆయన వద్దన్నాడు. ఆ మాట మీద ఇంట్లో ఎవరూ చర్చ పెట్టలేదు. కోడలు మాత్రం ఆ రాత్రి భోజనంలో ఆయన పక్కన గ్లాసు బదులు చెవి ఉన్న పెద్ద కప్పు పెట్టింది. ఆయన దానివంక ఒకసారి చూసి నీళ్లు తాగాడు.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం బట్టతలాయన ఒక గొట్టం మోసుకుని రంపం దగ్గరికి వచ్చాడు.

"చివర్లో ఏదో పట్టినట్టనిపించింది గురువుగారూ. ఒకసారి వేలు పెట్టి చూస్తారా?"

వెన్నచెయ్యి గుడ్డతో వేలు తుడుచుకుని, అర మూతిలో పెట్టి తిప్పి చూశాడు.

"నాకు తెలియట్లేదయ్యా," అన్నాడు. "ఆ అమ్మాయి దగ్గరికి తీసుకెళ్లు."

ఆ మాట అనడానికి ఆయనకు పెద్ద కష్టం అనిపించలేదు. కష్టపడేంత ఓపిక కూడా లేదు. ఇంకా ఆరు కడ్డీలు కొయ్యాల్సి ఉంది. కడ్డీ బిగించి మీట నొక్కాడు.