తాబేళ్ల గుడికి ఒక్క సీటు

మా అక్క ఇంట్లో టీ స్టీలు గ్లాసులో ఇస్తారు. దీని మీద నాకు పదేళ్ల పాటు ఫిర్యాదు ఉండేది. పట్టుకుంటే వేళ్లు కాలతాయి, తాగితే మూతి కాలుతుంది, చల్లారనిద్దామంటే మీగడ కడుతుంది. విజయనగరంలో నేను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీ ఎదుట బడ్డీవాడు సైతం గాజు గ్లాసులో ఇస్తాడు. కోటబొమ్మాళిలో అంత పెద్ద ఎరువుల దుకాణం పెట్టుకుని అర డజను గాజు గ్లాసులు కొనడానికేం రోగమని వెళ్లినప్పుడల్లా అడిగేవాణ్ణి. రెండుసార్లు నేనే కొనిపెట్టాను కూడా. మూడో నెలకి ఒక్కటీ కనిపించలేదు. "పగిలిపోయినాయిరా" అనేది అక్క. గ్లాసులన్నాక పగులుతాయి కదా అని నేనూ అక్కడితో ఊరుకున్నాను.

మా బావకి చెయ్యి తొందర. మా ఇంట్లో దానికి అదే పేరు. కొందరికి షుగరుంటుంది, కొందరికి నడుంనొప్పి ఉంటుంది, మా బావకి చెయ్యి తొందర. పెళ్లయిన మొదటి ఏడాది అక్క చెవి మీద దెబ్బ తగిలి నెల రోజులు సరిగ్గా వినిపించకపోతే, మా నాన్న డాక్టరుతో "జలుబు చేసింది" అని చెప్పాడు. డాక్టరు జలుబుకే మందు రాశాడు. తగ్గిపోయింది కూడా. అప్పట్నుంచీ మా వాళ్లకి ఆ వైద్యం మీద గురి కుదిరింది.

కిందటేడాది ఎరువుల కంపెనీవాళ్లు, బాగా అమ్మిన డీలర్లని భార్యలతో సహా ఓడ ఎక్కిస్తామన్నారు. సింగపూర్లో ఎక్కడం, మలేషియాలోని పెనాంగ్‌లో ఒక రోజు ఆగడం, మళ్లీ సింగపూర్ రావడం. ఓడ ఖర్చు కంపెనీది. రేవులో దిగి ఊరు చూసే టూర్లు మాత్రం ఎవరివి వాళ్లు ముందుగా ఇంటర్నెట్‌లో బుక్ చేసుకోవాలి. బావ వాటికి ఒడ్డు టూర్లు అని పేరు పెట్టాడు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనే కనుక ఓడవాళ్ల వెబ్‌సైటు, దాని పాస్‌వర్డు నాకు అప్పగించారు. నేను ఏం నొక్కినా మెసేజి మాత్రం బావ ఫోనుకి వెళ్లేది. గది ఆయన పేరు మీద ఉంది, టూర్ల సొమ్మూ ఆయన ఖాతాలోంచే పోయేది.

ఒక ఆదివారం పాసింజరు పట్టుకుని వెళ్లి, దుకాణం వెనకాల ఇంట్లో లాప్‌టాప్ తెరిచి టూర్లు చదివి వినిపించాను. డీలర్లందరూ కలిసి వెళ్లే బజారు టూరు ఒకటి. కొండ మీద గుడి, దాని కోనేట్లో తాబేళ్లు, రానూపోనూ అయిదు గంటలు, అది ఇంకొకటి.

తాబేళ్లనగానే అక్క వంటింట్లోంచి బయటికొచ్చింది.

అక్కకి శ్రీకూర్మం అంటే ప్రాణం. ఏటా వెళ్లేవాళ్లు. గుడి ఆవరణలో పెంచే తాబేళ్లకి ఆకుకూర పెట్టాలని ఒక కట్ట పట్టుకెళ్లేది. దర్శనం అయ్యీ అవగానే బావ కారు దగ్గరికెళ్లి హారన్ మొదలుపెట్టేవాడు. కట్ట విప్పకుండానే తిరిగొచ్చేది. ఒకసారి రెండు నిమిషాలు ఆలస్యమైందని, ఆ కట్ట లాక్కుని, జనం చూస్తుండగా దాంతోనే మొహం మీద కొట్టాడు. నేను అక్కడే ఉన్నాను. ఆకుకూరే కదా అనుకున్నాను.

"నువ్వు మీవోల్లతోటి బజారుకెల్లు. నాను గుడికెల్తాను. ఇద్దరికీ ఎక్కడివక్కడ బుక్ సెయ్యరా" అంది అక్క.

బావ చేతిలో టీ గ్లాసు ఉంది. అది నా చెవి పక్కనుంచి వెళ్లి గోడకి తగిలి, ఖంగుమని, నేల మీద దొర్లి నా కాళ్ల దగ్గర ఆగింది. చిన్న సొట్ట పడింది తప్ప గ్లాసుకి ఏమీ కాలేదు. స్టీలు గ్లాసుల సంగతి నాకు ఆ రోజు బోధపడింది. మళ్లీ ఆ ఫిర్యాదు చెయ్యలేదు.

బావ దుకాణంలోకి వెళ్లాక అక్క నేల తుడుస్తూ అంది. "బుక్ సేసీరా తమ్మా. గుడీ తాబేళ్లూ అలగుండనీ. అయిదు గంటలురా! అయిదు గంటలు ఎవుడూ హారన్ కొట్టడు. ఎవుడూ చెయ్యెత్తడు. పెళ్లయిన కాడినుంచి నాకు అయిదు గంటలు దొరకనేదు."

చేశాను. గుడికి ఒక్క సీటు. నా రైలు వచ్చేలోపే ఫోన్. బావ ఒక్క మాటే అన్నాడు: "తియ్యి." ఆ మాటకి వెనకాల ఏదో పడుతోంది, అక్క "ఓలమ్మా" అంటోంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి తీసేశాను. అవతల చప్పుడు ఆగింది. నా ఇంగ్లీషు ఒకరికి ఉపయోగపడిందని సంతోషించాను.

పదిరోజులకి అక్క పక్కింటి ఫోన్లోంచి చేసింది. మళ్లీ బుక్ చేశాను. గంటలో బావ చేశాడు. మళ్లీ తీసేశాను. ఆ వారం చూసేసరికి అక్క చిటికెన వేలికి కట్టు. "తలుపు సందున పడ్డాది" అంది. వాళ్లింట్లో తలుపులన్నీ చెక్కవే. ఆ వేలు మాత్రం తలుపులో పడినట్టు నలగలేదు, బట్టలు పిండినట్టు మెలి తిరిగింది. "ఆ తలుపుకి కాస్త నూనె వెయ్యండి" అన్నాను. అక్క నవ్వలేదు. సాధారణంగా నవ్వేది.

ఇక్కడ బావ దుకాణం పద్ధతి ఒకటి చెప్పాలి. సాయంత్రం దీపం పెట్టినప్పట్నుంచి మర్నాడు బోణీ అయ్యేదాకా ఇచ్చింది వెనక్కి తీసుకోవడం, చెప్పిన ఆర్డరు వద్దనడం ఉండదు. ఆ మాట నోట్లోంచే రాకూడదు. వాళ్ల తాతల నాటి కట్టు. ఓసారి దీపం పెట్టాక లారీవాడు వేరే ఊరి బస్తాలు పొరపాటున దింపుతుంటే, బావ డ్రైవరు చొక్కా పట్టుకుని నాలుగు తన్నాడు కానీ "తీసుకుపో" అన్నమాట అనలేదు. బస్తాలు రాత్రంతా వరండాలో తడిశాయి. పొద్దున ఎవరో విత్తనాల పేకెట్టు కొన్నాకే లారీ కదిలింది.

ఓడవాళ్లకీ ఒక పద్ధతి ఉంది. టూర్ల బుకింగు ఆ వచ్చే ఆదివారంతో ఆఖరు. రద్దు చేసుకోవడానికి సోమవారం పొద్దున తొమ్మిది దాకా గడువు, అదీ సింగపూర్ టైము. ఆ తర్వాత రద్దు లేదు, పైసా వెనక్కి రాదు. సింగపూర్ తొమ్మిదంటే మనకి ఆరున్నర. దుకాణంలో బోణీ ఎనిమిదికి ముందు ఎప్పుడూ కాలేదు.

ఇది కనిపెట్టింది నేను కాదు, అక్క. టెన్త్ ఫెయిలని మా నాన్న చదువు మాన్పించిన మనిషి. "దీపమెట్టినాక నొక్కు" అంది ఆదివారం నాతో, పొయ్యి దగ్గర, చాలా మెల్లగా. "ఆయన తియ్యమనడానికి నోరు రాదు. పొద్దున్న ఆరున్నర దాటితే కట్టిన సొమ్ము పోతాదని ఆయనే తోలుకెల్లి ఎక్కిస్తాడు."

దీపం పెట్టారు. నొక్కాను. బావ ఫోన్ టింగుమంది.

రద్దు గడువుతో సహా చదువుకున్నాడు. నా వైపు చూశాడు. నోరు తెరిచాడు, దేవుడి పటం ముందున్న దీపం చూశాడు, నోరు మూశాడు. లోపలికెళ్లాడు. నేను పేపరు తెరిచాను. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంది. లోపల మూడు దెబ్బలు వినిపించాయి. అందులో రెండోది గోడదని నా అంచనా, చప్పుడు వేరుగా ఉంది. కోస్తాలో ఒకటి రెండు చోట్ల ఓ మోస్తరు వానలు పడతాయని రాశారు. ఆ వార్త నాలుగైదుసార్లు చదివాను.

అన్నం పెట్టినప్పుడు అక్క కింది పెదవి చిట్లి ఉంది. కంట్లో మాత్రం ఎప్పుడూ చూడని మెరుపు. "పప్పు ఇంకాస్త ఎయ్యనా?" అంది.

పొద్దున అయిదున్నరకి షట్టరు ఎత్తిన చప్పుడుకి లేచాను. సన్నగా వాన. బావ నన్ను గల్లా పక్కన స్టూలు మీద కూలేసి, లాప్‌టాప్ ఒళ్లో పెట్టాడు. "బోణీ అవగానే నొక్కాలి. అర్థమైందేటి?" నాకు అర్థమైంది. ఆ పేజీ తెరిచి ఉంచాను. అక్క లోపలి గుమ్మంలో వచ్చి నిలబడింది. పటాల పైన గోడ గడియారం ఉంది.

రోడ్డు మీద ఎవరూ లేరు. నేనే కొంటాననబోయాను, అయినవాళ్ల డబ్బుతో బోణీ చెల్లదట. ఆరుంబావుకి ఒక ముసలి రైతు, గోనెసంచి తల మీద కప్పుకుని, భుజాన పారతో పొలానికి వెళ్తూ కనిపించాడు. బావ వానలోకి ఒక్క పరుగు పెట్టాడు.

"మావా, మావా! ఏదోటి కొనుక్కెల్లు. బోణీ!"

"ఇప్పుడేటి కొంటాను సావుకారూ? నారుమడి మునిగిపోతన్నాది. గట్టు కొట్టాలి. ఎల్లనీ."

"పది రూపాయల బేరం సెయ్యి సాలు."

"నాను కొననంటే బలవంతమేటి? చెయ్యి తీ."

బావ చెయ్యి తియ్యలేదు. రైతు మెడలో తువ్వాలు పట్టుకుని దుకాణం వైపు లాక్కొచ్చాడు. మెట్టు తగిలి ముసలాయన మోకాళ్ల మీద పడ్డాడు. "కొను" అంటూ బావ చెంప మీద కొట్టాడు. గోనె జారిపోయింది. రెండోసారి కొట్టబోతుండగా పారకర్ర వచ్చి బావ మోకాలి కింద తగిలింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఇన్నేళ్లలో ఆయన్ని ఎవరైనా తిరిగి కొట్టగా చూడటం నాకదే మొదలు. ఆయనకీ అదే మొదలనుకుంటాను, చాలా ఆశ్చర్యపోయాడు.

కుంటుతూ లోపలికొచ్చి, తక్కెడ దగ్గరున్న కిలో రాయి తీసి విసిరాడు. అది రైతు కనుబొమ్మ మీద తగిలింది. నెత్తురు కంట్లోకి, ముక్కు మీదికి, వానతో కలిసి చొక్కా మీదికి కారింది. "ఓరి నీ యమ్మ కడుపు కాలా!" అంటూ ముసలాయన మెట్లెక్కి కర్ర అడ్డంగా తిప్పాడు. బావ పళ్ల మీద పడింది. పన్ను ఊడి పురుగుమందు డబ్బాల మధ్య పడింది. ఇద్దరూ కలబడి యూరియా బస్తాల మీద దొర్లారు. బస్తా చిరిగి తెల్లటి గుళికలు నేలంతా పరుచుకున్నాయి. బావ రెండు బొటనవేళ్లూ ముసలాయన గొంతు మీద ఉన్నాయి. ముసలాయన కాలితో తన్ని విడిపించుకుని లేచాడు. ఈసారి కర్రవైపు కాదు, ఇనుపవైపు ఎత్తాడు. కింద బావ తల ఉంది.

"అక్కా!" అని అరిచాను. ఎందుకో నాకే తెలీదు.

అక్క వాళ్ల వైపు చూడటం లేదు. గడియారం వైపు చూస్తోంది. ఆరూ ఇరవై రెండు.

నేను నొక్కేశాను.

"తీసేశాను! తీసేశాను బావా! రద్దయిపోయింది, వదిలెయ్యండి!"

ఎత్తిన పార ఎత్తినట్టే ఆగింది. ముసలాయనకి నేనేమన్నానో తెలిసుండదు. ఎవరో ఏదో ఒప్పుకున్నారని మాత్రం తెలిసింది. పార మెల్లగా దించాడు. బావ యూరియాలో వెల్లకిలా పడి ఉండి, నెత్తురు ఉమ్మి, తల తిప్పి నన్ను చూశాడు.

"బోణీ అవ్వకుండానా?" అన్నాడు. కొట్టినవాణ్ణి కూడా అంత రోతగా చూడలేదు.

ముసలాయన తువ్వాలుతో కన్ను ఒత్తుకుని, మొలలో దోపుకున్న పది రూపాయల కాగితం తీసి బావ గుండెల మీద విసిరాడు. "ఇందా, నీ బోణీ నువ్వే తిను" అని పార భుజాన వేసుకుని వానలోకి వెళ్లిపోయాడు. నారుమడి అప్పటికే మునిగిపోయి ఉంటుంది. బావ పడుకునే ఆ కాగితం తీసుకుని కళ్లకద్దుకున్నాడు. ఆరూ ఇరవై ఆరు.

పేజీ మళ్లీ తెరిచాను. బుకింగు ముగిసిందని, మా ఓడను ఎంచుకున్నందుకు ధన్యవాదాలని రాసి ఉంది.

అక్క లోపలికెళ్లి టీ తెచ్చింది. స్టీలు గ్లాసు. నా చేతిలో పెట్టింది. మూతి కాలుతున్నా తాగేశాను. మొహానికి ఏదైనా అడ్డం కావాలనిపించింది. ఆమె చీపురు తీసుకుని, బావ కాళ్ల చుట్టూ గుళికలు ఊడుస్తూ, నా వైపు చూడకుండానే అంది:

"మీ బావ బోణీ దాకా ఆగినాడు. నువ్వు అదీ ఆగనేదురా."