తెర వెనక విన్న జారు

కొన్నేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువు.

ఆస్ట్రేలియా ఉత్తరాన ఒక ఓడరేవు ఊరు మాది. పేరు వద్దు. పగలు ఆసుపత్రి ఫార్మసీలో ఉద్యోగం, వారానికో సాయంత్రం ఊరి సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్. చిన్నప్పుడు కాకినాడలో నేల మీద కూర్చుని, వయొలిన్ కొనను పాదం మీద ఆనించి కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఇక్కడికొచ్చాక కుర్చీలో కూర్చుని, గడ్డం కింద పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టాను. అన్నిటికన్నా కష్టమైంది జారు మానుకోవడం. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వేలు జారించడం మన సంగీతానికి ప్రాణం. ఇక్కడ స్వరం మీదికి సూటిగా దిగాలి. దిగడం నేర్చుకున్నాను. ఆర్కెస్ట్రాలో భారతీయురాలిని నేనొక్కదాన్నే. కచేరీ అయ్యాక అందరూ నన్ను ప్రత్యేకంగా పలకరించేవారు. ఆ పలకరింపు నాకెంత ఇష్టమో అప్పటికి తెలియదు.

సాహితి నర్సింగ్ చదవడానికి వచ్చిన అమ్మాయి. మా తెలుగువాళ్ల వినాయక చవితినాడు ఆమె ఒక కీర్తన వాయిస్తే, పరుగులు పెట్టే పిల్లలు కూడా ఆగి విన్నారు. ఆర్కెస్ట్రాలో చేరాలని ఉందంది. మా దగ్గర పరీక్షకు తెర కడతారు. వాయించేవాళ్లు అవతల, వినేవాళ్లం ఇవతల. పేరుండదు, ముఖముండదు. పక్షపాతం రాకూడదని ఆ ఏర్పాటు. ఆ ఏడాది వినేవాళ్లలో నేనూ ఉన్నాను.

ఎవరో నెమ్మదైన భాగం ఒకటి ఎత్తుకున్నారు. ఒక్కచోట వేలు జారింది. సాహితి అని తెలిసిపోయింది. చవితినాడు ఆ జారుకే నా కళ్లు చెమర్చాయి.

తెలిసిన మనిషి అని చెప్పి లేచి వెళ్లాల్సింది. వెళ్లలేదు. ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ ఆ చోటు బాగుందన్నాడు. అది పాత అలవాటనీ, శ్రుతి నిలవదనీ, పదిమందితో కలవదనీ నేనన్నాను. ఆయన కాదనలేదు, ఆమెను తీసుకోలేదు. ఆ సంగీతం తెలిసింది నాకే కదా మరి. నిజానికి శ్రుతి వెంట్రుకవాసి కూడా చెదరలేదు. మరెందుకన్నాను? ఆర్కెస్ట్రా మేలు కోరా? ఏకై వచ్చి మేకై కూర్చుంటుందన్న భయమా? ఎన్ని పేర్లు పెట్టి చూసుకున్నా చివరికి మిగిలేది ఒకటే. అసూయ.

తర్వాత ఇండియన్ కొట్లో కనబడింది, చేతిలో కరివేపాకు పాకెట్‌తో.

"ఆంటీ, నిజం చెప్పండి ప్లీజ్. ఎక్కడ పోయింది నాది? ఇంటొనేషనా, శ్రుతి తప్పిందా?"

"ఆ జారుంది చూడూ, అది ఇక్కడ పనికిరాదమ్మా. తీసెయ్. స్ట్రెయిట్‌గా వాయించు, నెక్స్ట్ టైమ్ వచ్చేస్తుంది."

"థ్యాంక్స్ ఆంటీ. మీరు కాబట్టి చెప్పారు."

చదువయ్యాక ఉద్యోగానికి ఆస్ట్రేలియా దక్షిణాన ఇంకో ఊరికి వెళ్లిపోయింది. నేనూ మరిచిపోయాననే అనుకున్నాను.

ఈ ఏడు మొదట్లో మళ్లీ తెర కట్టారు. ఒకరు గీత గీసినట్టు వాయించారు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల అనుకుని, అందరికన్నా ముందు నేనే సరేనన్నాను. తెర తీశారు. సాహితి నవ్వుతూ నిలబడి ఉంది. ఈమధ్యే మా ఊరికి తిరిగొచ్చిందట.

అప్పుడు సంతోషించాను కూడా. లెక్క సరిపోయిందనుకున్నాను. మొన్న చవితికి ఆమె పాత కీర్తనే మళ్లీ వాయించింది. ప్రతి స్వరమూ సరిగ్గా ఉంది. జారు లేదు. పిల్లలు ఆగకుండా పరిగెడుతూనే ఉన్నారు. అదేమైందని అడిగితే, ఎప్పుడో మానేశానని, ఇప్పుడు రమ్మన్నా వేలికి రావడం లేదని తేలిగ్గా చెప్పింది. నా గుండె జారిపోయింది.

ఇప్పుడు కచేరీల సీజన్ ముగిసింది, వానలు మొదలవుతున్నాయి. ఆర్కెస్ట్రా ఏడాది చివరి వార్తలు పంపింది. కొత్త సభ్యుల పరిచయంలో సాహితి ఫొటో, కింద ఆమె మాటలు: తప్పెక్కడో నిజాయితీగా చెప్పిన ఆంటీ లేకపోతే తాను ఇక్కడ ఉండేది కాదట. అందరూ నన్ను అభినందిస్తున్నారు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాను.

ఆమెలో తప్పు లేదు. ఆమెను దేనితో గుర్తుపట్టానో దాన్నే తీసేయమన్నాను. ఆమె నా మాట విన్నది. అందుకే ఈసారి తెర వెనక ఆమెను గుర్తుపట్టలేకపోయాను.

మీకు చెప్పాను, కాస్త ఊపిరాడుతోంది. సాహితికి ఇంకా చెప్పలేదు.